సాఫ్ట్‌వేర్ పరిణామంలో గణాంక సరళులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సాఫ్ట్‌వేర్ "పరిణామం" అంటే ఏమిటి? నిర్వహణ అంటే సరిపోదా?

నిర్వహణ అనే మాట యంత్రాల నుంచి వచ్చింది. మోటారు అరిగితే బేరింగు మారుస్తాం, అది మళ్లీ మునుపటిలా తిరుగుతుంది. ప్రోగ్రాము అరగదు. ఇరవై ఏళ్ల కిందట రాసిన కోడ్‌ను అదే యంత్రం మీద, అదే ఇన్‌పుట్‌తో నడిపితే అప్పటి ఫలితమే ఇప్పుడూ వస్తుంది. మారేదల్లా దాని చుట్టూ ఉన్న ప్రపంచమే: చట్టాలు, పరికరాలు, వాడేవారి అలవాట్లు, పక్కనే నడిచే ఇతర ప్రోగ్రాములు. ఆ మార్పులకు తగినట్టు సవరించినప్పుడు ప్రోగ్రాము పాత స్థితికి తిరిగి రాదు, ప్రతిసారీ కొంత కొత్త వస్తువు అవుతుంది. అందుకే ఈ రంగంలోని పరిశోధకులు పరిణామం అనే మాటను ఎంచుకున్నారు. ఆ పరిణామం వెనక వదిలివెళ్లే సంఖ్యలే ఇక్కడి విషయం: పరిమాణం ఎలా పెరుగుతుంది, మార్పులు ఎక్కడ పోగుపడతాయి, లోపాలు ఏ ఫైళ్లలో దొరుకుతాయి, రాసిన లైను ఎంతకాలం నిలుస్తుంది.

ఈ అధ్యయనం ఎక్కడ మొదలైంది?

ఐబీఎం సంస్థలో. 1960ల చివర ఆ సంస్థ పరిశోధన విభాగంలో పనిచేస్తున్న మానీ లేమాన్‌కు తమ సంస్థలో ప్రోగ్రాములు రాసే పద్ధతిని పరిశీలించే బాధ్యత అప్పగించారు. 1969లో ఆయన ఒక అంతర్గత నివేదిక ఇచ్చారు. ఆ తరువాత లాస్లో బెలాడీతో కలిసి ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టం విడుదలల లెక్కలను ఒక్కొక్కటిగా పేర్చి చూశారు. ఏ విడుదలలో ఎన్ని మాడ్యూళ్లు (ప్రోగ్రాములోని విడి భాగాలు) ఉన్నాయి, వాటిలో ఎన్నింటిని ఆ విడుదల కోసం కదిలించారు, రెండు విడుదలల మధ్య ఎన్ని రోజులు పట్టింది అన్నవే వారి ముడి సమాచారం.

అందులో కనిపించిన ఒక విషయం ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. విడుదల సంఖ్యతో పాటు మొత్తం మాడ్యూళ్ల సంఖ్య దాదాపు సరళరేఖలా పెరిగింది, కానీ ఒక్కో విడుదలలో తాకవలసి వచ్చిన మాడ్యూళ్ల సంఖ్య ఘాతీయంగా, అంటే రెట్లు రెట్లుగా పెరిగింది. అంటే వ్యవస్థ నిదానంగా పెరుగుతున్నా, దానిలో ఒక చోట చేసిన మార్పు మరిన్ని చోట్లకు పాకడం మాత్రం వేగం పుంజుకుంటూ పోయింది. ఓఎస్/360 నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ కూడా ఈ ఫలితాన్ని తన రచనలో ప్రస్తావించారు.

ఆ వ్యవస్థ మీద వందలాది మంది వేర్వేరు ఊళ్లలో పనిచేశారు, నాయకులు మారారు, ప్రణాళికలు మారాయి. అయినా గ్రాఫు మీద గీత దాదాపు తన దారిన తాను సాగింది. ఒక్కొక్కరి నిర్ణయాలు వేరైనా మొత్తం మీద ఒక క్రమం కనిపించడమే లేమాన్‌ను ఆకట్టుకున్నది. నా దృష్టిలో ఈ రంగమంతా ఆ ఒక్క ఆశ్చర్యం నుంచే పుట్టింది.

లేమాన్ నియమాలు అంటే ఏవి?

1974లో మూడింటితో మొదలై, 1996 నాటికి ఎనిమిది అయ్యాయి. మొదటిది నిరంతర మార్పు: వాడుకలో ఉన్న వ్యవస్థను ఎప్పటికప్పుడు మార్చకపోతే అది క్రమంగా పనికిరాకుండా పోతుంది. రెండవది పెరిగే సంక్లిష్టత: తగ్గించడానికి ప్రత్యేకంగా శ్రమ పెట్టకపోతే ప్రతి మార్పుతోనూ వ్యవస్థ చిక్కుపడుతుంది. ఈ రెండూ కలిస్తే ఒక కష్టం ఏర్పడుతుంది. మార్చకపోతే వ్యవస్థ పాతబడుతుంది, మారిస్తే చిక్కుబడుతుంది.

మూడవది గణాంకాలకు అత్యంత దగ్గరైనది. పెద్ద వ్యవస్థల పరిణామం తనను తాను నియంత్రించుకుంటుందని, విడుదల పరిమాణం, విడుదలల మధ్య కాలం, లోపాల సంఖ్య వంటి కొలతల్లో గణాంకపరంగా గుర్తించదగిన స్థిర ధోరణులు ఉంటాయని అది చెబుతుంది. అయిదవదానిని నేను అన్నింటికంటే ఉపయోగకరమని భావిస్తాను. ఒక విడుదలలో చేర్చిన కొత్త విషయం, దాన్ని రాసేవారూ వాడేవారూ అర్థం చేసుకొని అలవాటు పడగల మేరకే ఉండాలి. ఆ హద్దు దాటి ఒకేసారి కుమ్మరిస్తే, తరువాతి ఒకటి రెండు విడుదలలు చక్కదిద్దడానికే సరిపోతాయి. మిగిలినవి పని వేగం స్థిరంగా ఉండడం, వాడేవారి సంతృప్తి కోసం వ్యవస్థ ఎదుగుతూనే ఉండవలసి రావడం, పట్టించుకోకపోతే నాణ్యత తగ్గినట్టు అనిపించడం, మొత్తం ప్రక్రియ అనేక స్థాయుల ఫీడ్‌బ్యాక్ వ్యవస్థ కావడం గురించి.

ఇవి భౌతికశాస్త్ర నియమాల వంటివేనా?

కావు. ప్రోగ్రాములు రాసేవారు మనుషులు, వారు పద్ధతి మార్చుకోగలరు. కానీ ఒక జట్టులో ఎవరికీ ఒంటరిగా మార్చడం సాధ్యం కాని శక్తులు వీటి వెనక ఉన్నాయి. సంస్థ అలవాట్లు, వినియోగదారుల డిమాండు, మనిషి ఒకేసారి ఎంత అర్థం చేసుకోగలడన్న పరిమితి అటువంటివి. ఆ అర్థంలోనే లేమాన్ నియమం అనే మాట వాడారు. జనాభా లెక్కలు ఏ కుటుంబంలో ఎవరు పుడతారో చెప్పలేకపోయినా దేశం మొత్తం మీద జననాల సంఖ్యను బాగా అంచనా వేయగలవు. ఇవీ అలాంటివే.

ఈ నియమాలు ప్రతి ప్రోగ్రాముకూ వర్తిస్తాయా?

వర్తించవు, ఆ సంగతి లేమానే స్పష్టంగా చెప్పారు. 1980లో ఆయన ప్రోగ్రాములను మూడు రకాలుగా విడదీశారు. మొదటి రకానికి గణితంలో లాగా పూర్తి నిర్వచనం ఉంటుంది. రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కునే ప్రోగ్రాము ఒకసారి సరిగా రాస్తే ఎప్పటికీ సరైనదే. రెండవ రకంలో సమస్య స్పష్టమే అయినా పూర్తి పరిష్కారం ఆచరణలో అసాధ్యం కాబట్టి ఉజ్జాయింపులతో పని జరుగుతుంది. చదరంగం ఆడే ప్రోగ్రాము దీనికి ఉదాహరణ. మూడవ రకం ప్రోగ్రాము తాను ప్రతిబింబించే ప్రపంచంలోనే ఒక భాగమైపోతుంది. నియమాలు చెప్పింది ఈ మూడవ రకం గురించే.

మూడవ రకం ఎలా ఉంటుందో తెలుగు రాష్ట్రాల్లోని వారికి ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. 2024 మార్చిలో తెలంగాణ వాహనాల నంబరు ముందుండే అక్షరాలు టీఎస్ నుంచి టీజీకి మారాయి. జిల్లాల జాబితా ఎన్నటికీ మారదనుకొని రాసిన ప్రోగ్రాములో ముందు రోజు వరకూ ఒక్క లోపం కూడా లేకపోవచ్చు. మర్నాటి ఉదయానికి మాత్రం అది తప్పు చెప్పే ప్రోగ్రాము అయింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే అది పాతబడింది.

దీనికి ఎదురు ఉదాహరణ డొనాల్డ్ నూత్ రూపొందించిన టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాము. దానిలో కొత్త సదుపాయాలు చేర్చడాన్ని ఆయన ఉద్దేశపూర్వకంగా ఆపివేశారు, లోపాలను మాత్రమే సరిదిద్దుతారు. ప్రతి సవరణతో వెర్షను సంఖ్యలో పై విలువలోని ఇంకొక అంకె చేరుతుంది. 2021లో అది 3.141592653కి చేరింది. అయితే టెక్ ఆగిపోయినంత మాత్రాన ప్రపంచం ఆగలేదు. యూనికోడ్, కొత్త ఫాంట్ల కోసం దాని మీద జీటెక్, లువాటెక్ వంటి వేరే ప్రోగ్రాములు పుట్టాయి. పరిణామం ఆగలేదు, పక్క కొమ్మకు మారింది.

వ్యవస్థ పెద్దదయ్యే కొద్దీ పెరుగుదల నెమ్మదించాలి కదా?

నెమ్మదిస్తుందని చెప్పే ప్రసిద్ధ నమూనాను వ్లాదిస్లావ్ టుర్స్కీ 1996లో ప్రతిపాదించారు. ఒక విడుదలలో చేరే కొత్త మాడ్యూళ్ల సంఖ్య అప్పటికే ఉన్న పరిమాణం వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని దాని సారం. ఎందుకంటే మాడ్యూళ్ల మధ్య సంబంధాలు దాదాపు వాటి సంఖ్య వర్గం మేరకు పెరుగుతాయి, కొత్తది చేర్చాలంటే ఆ సంబంధాలన్నింటినీ తట్టుకోవాలి.

ఈ నమూనాను లెక్కకట్టి చూస్తే పరిమాణం విడుదల సంఖ్య ఘనమూలానికి అనులోమానుపాతంలో పెరుగుతుందని తేలుతుంది. అంటే 10వ విడుదలకు 1000 మాడ్యూళ్లున్న వ్యవస్థ 2000కు చేరేది 80వ విడుదలలో, 3000కు చేరేది 270వ విడుదలలో. కాగితం మీద ఈ సంఖ్యలు వేసుకుంటే, పాత వ్యవస్థల మీద పనిచేసేవారు "చిన్న మార్పుకే నెలలు పడుతున్నాయి" అని చెప్పేది సోమరితనం కాదని అర్థమవుతుంది. ఐబీఎం వ్యవస్థ తరువాత లేమాన్ బృందం లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ నుంచి పరిశీలించిన కొన్ని పారిశ్రామిక వ్యవస్థలకు ఈ నమూనా బాగానే సరిపోయింది.

మరి లినక్స్ సంగతి? అది నెమ్మదించలేదు కదా.

నెమ్మదించలేదు, ఈ రంగాన్ని అన్నింటికంటే ఎక్కువగా కదిలించింది అదే. ఎవరైనా చదివి మార్చగల ఆపరేటింగ్ సిస్టం లినక్స్. 1991లో బయటికి వచ్చిన దాని మొదటి రూపం సుమారు 10 వేల లైన్లు. 1994లో వచ్చిన 1.0లో 1 లక్షా 76 వేలు, 2003 చివర వచ్చిన 2.6.0లో దాదాపు 59 లక్షలు, 2020 నాటికి సుమారు 2 కోట్ల 78 లక్షల లైన్లు అయ్యాయి. వ్యాఖ్యలనూ ఖాళీ లైన్లనూ కలుపుకోవడం మానడాన్ని బట్టి ఈ సంఖ్యలు కొంత అటూ ఇటూ అవుతాయి, ధోరణి మాత్రం మారదు.

2000 సంవత్సరంలో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ గాడ్‌ఫ్రే, కియాంగ్ టు కలిసి 96 లినక్స్ వెర్షన్లను కొలిచారు. పెరుగుదల సరళరేఖ కంటే వేగంగా ఉందని, వర్గ సమీకరణం దానికి చక్కగా అతుకుతుందని తేల్చారు. టుర్స్కీ నమూనా గీత కిందికి వంగితే ఇది పైకి వంగింది. తరువాత జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 14 ఏళ్ల కాలంలోని 800కు పైగా వెర్షన్లను పరిశీలించి, 2.5 వెర్షను ప్రాంతం నుంచి పెరుగుదల సరళరేఖకు దగ్గరైందని గమనించారు.

అయితే ఆ నమూనా తప్పినట్టేనా? అంత తొందరగా తీర్పు చెప్పకూడదు. లినక్స్ కోడ్‌లో సగానికి పైగా ఉన్నది పరికరాల డ్రైవర్లు, అంటే ఒక్కో పరికరాన్ని నడిపించే కోడ్ భాగాలు. ఒక కొత్త వై-ఫై చిప్పు కోసం రాసిన డ్రైవరుకు పక్కనున్న శబ్దపు కార్డు డ్రైవరుతో పనే లేదు. రెండూ ఒకే కేంద్రంతో, ఒక నిర్ణీత పద్ధతిలో మాత్రమే మాట్లాడతాయి. మాడ్యూళ్లన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయన్న టుర్స్కీ ఊహ ఇక్కడ నిజం కాదు కాబట్టి ఫలితమూ వేరైంది. ఊరి మధ్య పాత ఇళ్ల సందులో కొత్త గది కట్టడానికీ, ఊరి చివర వేసిన లేఅవుట్‌లో కొత్త ఇల్లు కట్టడానికీ ఉన్న తేడా వంటిది ఇది. డ్రైవర్లను పక్కనబెట్టి కేంద్ర భాగాన్ని విడిగా కొలిస్తే, అది మొత్తంలో చాలా చిన్న వాటాగానే కనిపిస్తుంది.

రెండవ కారణం కొలతది. లేమాన్ బృందం అడ్డం గీత మీద విడుదల సంఖ్యను, నిలువు గీత మీద మాడ్యూళ్లను వేసింది. గాడ్‌ఫ్రే, టు అడ్డంగా క్యాలెండరు రోజులను, నిలువుగా లైన్లను వేశారు. ఒక ప్రాజెక్టు ఏడాదికి ఒక విడుదల నుంచి రెండు నెలలకొక విడుదలకు మారితే, విడుదల సంఖ్య మీద గీసిన గ్రాఫు అకస్మాత్తుగా చదునవుతుంది, క్యాలెండరు మీద గీసినది చెక్కుచెదరదు. అక్షాలు చూడకుండా రెండు అధ్యయనాలను ఎన్నడూ పోల్చకూడదు.

ఒక ఫైలు సగటున ఎన్ని లైన్లు ఉండాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు సగటు అనే మాటనే అనుమానించాలి. ఒక ప్రాజెక్టులో పది ఫైళ్లున్నాయనుకుందాం. తొమ్మిదింటిలో వంద లైన్ల చొప్పున, పదవదానిలో 9100 లైన్లు ఉన్నాయి. సగటు 1000. కానీ వెయ్యి లైన్ల ఫైలు ఆ ప్రాజెక్టులో ఒక్కటి కూడా లేదు, దాని దరిదాపుల్లో కూడా ఏదీ లేదు. మధ్యగతం తీసుకుంటే 100 వస్తుంది, అది కనీసం తొమ్మిది ఫైళ్ల గురించి నిజం చెబుతుంది.

సాఫ్ట్‌వేర్ కొలతల్లో చాలావాటి తీరు ఇదే. ఫైళ్ల పరిమాణం, ఒక ఫంక్షన్‌ను పిలిచేవారి సంఖ్య, ఒక ఫైలు మారిన సార్లు, ఒక్కో ప్రోగ్రామరు చేసిన కమిట్లు (చరిత్రలో ఒకేసారి నమోదు చేసే మార్పులు) అన్నీ మనుషుల ఎత్తుల్లా సగటు చుట్టూ గుమిగూడవు. చిన్న విలువలు అసంఖ్యాకం, మధ్యస్థమైనవి కొన్ని, అతి పెద్దవి గుప్పెడు. కానీ ఆ గుప్పెడే మొత్తంలో సింహభాగం. గణాంకశాస్త్రంలో వీటిని పొడవు తోక ఉన్న విభాజనాలు అంటారు. లాగ్-నార్మల్ విభాజనం (విలువల సంవర్గమానాలు గంట ఆకారంలో పరచుకునేది), ఘాత నియమం (విలువ పెరిగే కొద్దీ అటువంటివాటి సంఖ్య దాని ఒక ఘాతం మేరకు తగ్గేది) ఈ కుటుంబానికి చెందినవే. ఫైళ్ల పరిమాణాల విషయంలో ఎక్కువ భాగం లాగ్-నార్మల్‌లా ఉండి, తోక మాత్రం ఘాత నియమంలా ఉంటుందని పలు అధ్యయనాలు గమనించాయి.

ఇటువంటి విభాజనం ఎందుకు ఏర్పడుతుంది?

ఒక వివరణ పేరుమోసినది. ఏ హోటలు నిండుగా ఉందో కొత్తూరికి వచ్చినవారు అక్కడికే వెళతారు, దానితో అది మరింత నిండుతుంది. అలాగే కొత్త ప్యాకేజీ రాసేవారు అప్పటికే అందరూ వాడుతున్న లైబ్రరీనే ఎంచుకుంటారు, ఎందుకంటే దానికి ఉదాహరణలు దొరుకుతాయి, లోపాలను ఇతరులు అప్పటికే కనిపెట్టి ఉంటారు. హెర్బర్ట్ సైమన్ 1955లో ఈ యంత్రాంగం నుంచి ఘాత నియమం ఎలా పుడుతుందో గణితంగా చూపారు. లినక్స్ ఆధారంగా కూర్చిన డెబియన్ అనే వ్యవస్థ ప్యాకేజీల్లో ఏది ఎన్నింటికి ఆధారమో లెక్కించి, వరుస విడుదలల్లో ఆ సంఖ్యలు ఘాత నియమంలో ఒక రకమైన జిఫ్ నియమాన్ని అనుసరిస్తున్నాయని 2008లో ఒక పరిశోధక బృందం నిరూపించింది.

దీని ఆచరణాత్మక ఫలితం 2016 మార్చిలో అందరికీ తెలిసివచ్చింది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను పంచుకునే ఎన్‌పీఎం భాండాగారం నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత తొలగించారు. ఇచ్చిన అక్షరాల వరుసకు ఎడమవైపు ఖాళీలు, సున్నాల వంటివి చేర్చడం తప్ప అది చేసే పని లేదు. దాని మీద నేరుగా ఆధారపడినవి కొన్నే అయినా, వాటి మీద ఆధారపడినవి వేలు కాబట్టి ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు (కోడ్‌ను నడిచే రూపంలోకి కూర్చే పని) నిలిచిపోయాయి. కొద్ది గంటల్లోనే దాన్ని తిరిగి పెట్టవలసి వచ్చింది. ఒక మాడ్యూలు ప్రాముఖ్యానికీ దాని పరిమాణానికీ సంబంధం లేదు. ప్రాముఖ్యాన్ని కొలవాలంటే దాని మీద ఎందరు ఆధారపడ్డారో చూడాలి.

లోపాల్లో 80 శాతం 20 శాతం ఫైళ్లలోనే ఉంటాయని అంటారు. నిజమేనా?

దిశ నిజం, సంఖ్య మాత్రం వ్యవస్థను బట్టి మారుతుంది. నార్మన్ ఫెంటన్, నిక్లాస్ ఓల్సన్ ఎరిక్సన్ సంస్థ టెలిఫోన్ వ్యవస్థను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, విడుదలకు ముందు బయటపడిన లోపాల్లో దాదాపు 60 శాతం 20 శాతం మాడ్యూళ్లలోనే ఉన్నాయి. ఏటీ అండ్ టీ సంస్థలో ఆస్ట్రాండ్, వేయుకర్, బెల్ 2005లో ఇంకొక అడుగు ముందుకేశారు. ఫైలు పరిమాణం, గత విడుదలలో లోపాలు, ఫైలు వయస్సు వంటివాటి నుంచి లోపాల సంఖ్యను అంచనా వేసే ప్రతిగమన నమూనా కట్టి, తరువాతి విడుదలలో లోపాలు ఎక్కువ రాగల 20 శాతం ఫైళ్లను ముందుగానే ఎంచారు. అసలు లోపాల్లో సగటున 83 శాతం ఆ ఫైళ్లలోనే దొరికాయి.

ఫెంటన్, ఓల్సన్ అధ్యయనంలో మరొక ఫలితం ఉంది, దానిని చాలామంది వదిలేస్తారు. విడుదలకు ముందు లోపాలు ఎక్కువగా దొరికిన మాడ్యూళ్లే విడుదల తరువాత తక్కువ ఇబ్బంది పెట్టాయి. అంటే పరీక్షల్లో లోపాలు ఎక్కువ బయటపడడం ఆ మాడ్యూలు చెడ్డదనడానికి గుర్తు కానక్కర్లేదు, దాన్ని శ్రద్ధగా పరీక్షించారనడానికి గుర్తు కావచ్చు. లోపాల సంఖ్యను చూసి జట్టును నిందించే ముందు, ఆ సంఖ్య ఏ దశలో, ఎంత పరీక్ష తరువాత వచ్చిందో అడగాలి.

గతంలో జరిగిన మార్పులను బట్టి రాబోయే లోపాలను ఊహించవచ్చా?

కొంతవరకు నిశ్చయంగా ఊహించవచ్చు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు నాచియప్పన్ నాగప్పన్, థామస్ బాల్ 2005లో విండోస్ సర్వర్ 2003 మీద చేసిన పనిలో, మారిన లైన్ల సంఖ్య ఒక్కటే చూస్తే అంచనా బలహీనంగా ఉంది. అదే సంఖ్యను ఫైలు మొత్తం పరిమాణంతో, మార్పు సాగిన కాలంతో పోల్చి నిష్పత్తిగా తీసుకుంటే, లోపాలు రాగల భాగాలను మిగిలినవాటి నుంచి 89 శాతం కచ్చితత్వంతో వేరుచేయగలిగారు. రెండు వందల లైన్ల ఫైలులో వంద లైన్లు మారడం, ఇరవై వేల లైన్ల ఫైలులో వంద మారడం ఒకటి కావు.

కలిసి మారే ఫైళ్ల జంటలు కూడా విలువైనవే. కోడ్‌లో ఒకదానికొకటి పిలుచుకోని రెండు ఫైళ్లు చరిత్రలో మాత్రం దాదాపు ప్రతిసారీ ఒకే కమిట్‌లో మారుతుంటే, వాటి మధ్య రాయని ఒప్పందం ఏదో ఉన్నదని అర్థం. కొత్తగా చేరినవారు ఒకదాన్ని మార్చి రెండవదాన్ని మరిచిపోయేది సరిగ్గా అక్కడే.

రాసిన కోడ్ ఎంతకాలం బతుకుతుంది?

రేడియోధార్మిక పదార్థానికి అర్ధాయుష్షు ఉన్నట్టే కోడ్‌కూ లెక్కకట్టవచ్చు: ఇవాళ ఉన్న లైన్లలో సగం మారిపోవడానికో తొలగిపోవడానికో పట్టే కాలం. 2016లో కొన్ని బహిరంగ ప్రాజెక్టుల గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే పరికరం) చరిత్రను ఇలా విశ్లేషించినప్పుడు లినక్స్‌కు ఆరున్నరేళ్లకు పైగా, వెబ్ పేజీల కోసం వాడే యాంగ్యులర్‌కు నాలుగు నెలలలోపే వచ్చింది. లినక్స్‌లో పాత డ్రైవరును ఎవరూ కదిలించనక్కర్లేదు; ఆ కాలంలో యాంగ్యులర్‌ను మొదటి నుంచి తిరగరాశారు.

అర్ధాయుష్షు సగటు వంటిదే కాబట్టి దాని తోకను కూడా చూడాలి. సంవత్సరాన్ని రెండంకెల్లో నిలవచేసిన, కోబాల్ అనే పాత భాషలోని ప్రోగ్రాములు రాసినవారిలో చాలామంది అవి 2000 సంవత్సరం దాకా నడుస్తాయని అనుకోలేదు. నడిచాయి. 1990ల చివర హైదరాబాదులో కోబాల్, మెయిన్‌ఫ్రేం నేర్చుకొని ఆ రెండంకెల సమస్యను సరిదిద్దే వై2కె పనుల మీద అమెరికా వెళ్లిన తెలుగువారి ప్రయాణానికి ఇంధనం ఆ పొడవైన తోకే. "తాత్కాలికం" అని వ్యాఖ్య రాసిన లైనును నమ్మవద్దని అందుకే నేను పదేపదే చెబుతాను.

సంక్లిష్టత పెరగడం తప్పదా?

రెండవ నియమంలోని షరతును మరువకూడదు: తగ్గించడానికి శ్రమ పెట్టకపోతేనే పెరుగుతుంది. ఇంతకుముందు చెప్పిన జెరూసలేం అధ్యయనంలో లినక్స్ ఫంక్షన్ల సగటు సంక్లిష్టత కాలంతో తగ్గింది. అయితే అందుకు ముఖ్య కారణం చిన్న ఫంక్షన్లు పెద్ద సంఖ్యలో చేరడం. పాత చిక్కులన్నీ విడిపోయాయని దాని అర్థం కాదు. ఇక్కడ కూడా సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం.

సంస్థ నిర్మాణానికీ ఇందులో పాత్ర ఉంది. ఒక సంస్థ రూపొందించే వ్యవస్థ ఆ సంస్థలోని సంభాషణల ఆకృతినే పోలి ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లోనే అన్నారు. రెండు జట్లు మాట్లాడుకోకపోతే వాటి కోడ్ మధ్య సరిహద్దు అక్కడే గట్టిపడుతుంది.

ఈ కొలతల్లో ఎక్కువగా జరిగే పొరపాట్లు ఏవి?

అన్నింటికంటే పెద్దది పరిమాణం ప్రభావాన్ని మరిచిపోవడం. సంక్లిష్టత ఎక్కువున్న ఫైళ్లలో లోపాలు ఎక్కువని చూపే గ్రాఫు గీయడం సులువు. కానీ పెద్ద ఫైలులో సంక్లిష్టత కొలతా పెరుగుతుంది, లోపాలూ పెరుగుతాయి. పరిమాణాన్ని స్థిరంగా ఉంచి చూస్తే ఆ సహసంబంధంలో చాలా భాగం కరిగిపోవచ్చు. కొత్త కొలమానం ఏది కనిపెట్టినా, లైన్ల సంఖ్య ఒక్కటే చెప్పగలిగిన దానికంటే అది ఎక్కువ ఏం చెబుతుందో ముందు చూపాలి.

ఆ తరువాతది, రెండు అక్షాలనూ సంవర్గమానాల్లో గీసి, చుక్కలు సరళరేఖలా కనిపించగానే ఘాత నియమం దొరికిందని ప్రకటించడం. లాగ్-నార్మల్ విభాజనం కూడా ఆ గ్రాఫు మీద చాలా దూరం సరళరేఖలాగే కనిపిస్తుంది. 2009లో క్లౌసెట్, షాలిజీ, న్యూమన్ ఈ రెంటినీ సరిగా పోల్చే పద్ధతిని వివరించారు, దాన్ని వాడడం ఇప్పుడు కష్టమేమీ కాదు.

చరిత్రలోని కల్మషం ఇంకొకటి. ఫైలు పేరు మారితే పాతది చనిపోయి కొత్తది పుట్టినట్టు లెక్కపడుతుంది. ఖాళీలు సరిచేసే పరికరాన్ని ఒక్కసారి నడిపితే ఒకే రోజున లక్ష లైన్లు మారినట్టు తేలుతుంది. ఇతరుల లైబ్రరీని మొత్తంగా కాపీ చేసి చేర్చితే పరిమాణం రాత్రికి రాత్రి రెట్టింపవుతుంది. వీటిని ఏరివేయకుండా గీసిన గ్రాఫు మీద నిర్ణయాలు తీసుకోకూడదు.

వీటితో ఉద్యోగుల పనితీరును కొలవవచ్చా?

వద్దు. ఈ సరళులు వేల మార్పుల మీద, ఏళ్ల కాలం మీద మాత్రమే నిలుస్తాయి. ఒక మనిషి మూడు నెలల పని మీద వాటికి ఏ అర్థమూ లేదు. కమిట్ల సంఖ్య పొడవు తోక విభాజనం కాబట్టి, "సగటు కంటే తక్కువ" అన్న ముద్ర జట్టులో దాదాపు అందరి మీదా పడుతుంది. చిక్కుముడి ఫైలును తీసుకొని వెయ్యి లైన్లు తొలగించినవారు ఆ లెక్కలో వెనకబడతారు, నిజానికి రెండవ నియమానికి ఎదురు నిలిచింది వారే. పైగా మనుషులు తమను దేనితో కొలుస్తారో దానికి తగినట్టు ప్రవర్తన మార్చుకుంటారు. ఒకసారి కమిట్లను లెక్కించడం మొదలుపెట్టాక కమిట్లు చిన్న ముక్కలవుతాయి, ఆ చరిత్ర ఇక పరిశోధనకూ పనికిరాదు. ఇలా నాశనమైన చరిత్రను నేను దగ్గరగా చూశాను, అందుకే ఈ విషయంలో నా జవాబులో సందిగ్ధం లేదు.

విద్యార్థి ప్రాజెక్టుగా ఇందులో ఏదైనా చేయవచ్చా?

చేయవచ్చు, ల్యాబుకు కొత్త పరికరాలేమీ అవసరం లేదు. లినక్స్ గిట్ భాండాగారం అందరికీ అందుబాటులో ఉంది. అది 2005 ఏప్రిల్‌లో 2.6.12 రెండవ పరీక్షా వెర్షనుతో మొదలవుతుంది. అంతకు ముందరి చరిత్ర అందులో లేదు కాబట్టి, ఆ తేదీన ఉన్న లైన్లన్నీ ఒకే రోజు పుట్టినట్టు కనిపిస్తాయి. కోడ్ వయస్సు లెక్కించేటప్పుడు ఆ మొదటి కమిట్‌ను విడిగా ఉంచాలి.

మొదటి పనిగా గత ఏడాదిలో ఎక్కువసార్లు మారిన ఇరవై ఫైళ్ల జాబితా తీయండి, పక్కనే ఒక్కో దాని లైన్ల సంఖ్య రాయండి. తరువాత ఏడాదికి ఒక వెర్షను చొప్పున తీసుకొని డ్రైవర్ల భాగాన్నీ కేంద్ర భాగాన్నీ వేర్వేరు గీతలుగా గీయండి. మూడవదిగా మీ కళాశాల లేదా మీ జట్టు సొంత ప్రాజెక్టు మీద ఇవే రెండు పనులు చేసి పక్కపక్కన పెట్టండి. ఫైళ్ల పరిమాణాలకు సగటుతో పాటు మధ్యగతాన్నీ, పైనున్న 10 శాతం ఫైళ్ల వాటానూ రాయడం మరువకండి. అడ్డం గీత మీద ఏది వేశారో, వ్యాఖ్యలను లెక్కలో కలిపారో లేదో గ్రాఫు కిందనే రాయండి. చదివేవారు మొదట వెతికేది ఆ రెండు వివరాల కోసమే.